పాతబస్తీలో మన మాటల చుట్టాలు

మన ఊళ్ళలో ఒక రైతు పొలము పని మీద కచేరీకి వెళ్ళాడనుకొందాము. కుర్చీలో కూర్చున్న అధికారికి సలాము చేస్తాడు. తన తాలూకా ఏదో, జిల్లా ఏదో చెప్పుతాడు. ఖరీఫులో ఏమి పంట వేశాడో చెప్పుతాడు. ఆ భూమి మీద తనకు హక్కు ఉన్నదంటాడు. ఇందులో ఒక్క మాటయినా పరాయిదని ఆయనకు తోచదు. మనకూ తోచదు. అయితే కుర్చీ, సలాము, తాలూకా, జిల్లా, ఖరీఫు, హక్కు, చివరకు ఆయన పేరుగా నిలిచిన రైతు, ఈ ఏడు మాటలూ అరబ్బీ నుండి పారసీ, ఉర్దూల మీదుగా మన యింటికి వచ్చి స్థిరపడినవే.

ఈ సంగతి మా సంఘములో ఒక పుస్తకము వలన చర్చకు వచ్చింది. మా సహోదరుడొకరు చాల ఏళ్ళు ఓడలో వంటవాడుగా పనిచేశారు. తోటి పనివారిలో ఇండోనేసియా దేశపు విశ్వాసి ఒకరు తన భాషలోని బైబిలును ఆయనకు జ్ఞాపకార్థముగా ఇచ్చారు. దాని అట్ట మీద 'అల్కితాబ్' అని ఉన్నది. ఇండోనేసియా భాషను ఇంగ్లీషు అక్షరాలతోనే వ్రాస్తారు గనుక మా యౌవనస్థులు కూడబలుక్కొని చదివారు. రాజ, సాక్సి, దోస, సుర్గ, బుమి, మనుసియ, కరునియ అనే మాటలు కనబడ్డాయి. రాజు, సాక్షి, దోషము, స్వర్గము, భూమి, మనుష్యుడు, కారుణ్యము అని వెంటనే తెలిసిపోయింది. ఇంకొన్ని పుటలు తిప్పితే నబి, హక్, రక్యాత్ అనే మాటలు వచ్చాయి. "అయ్యగారూ, భాషలన్నీ హెబ్రీలో నుండే పుట్టాయంటారు గదా, నిజమేనా? ఇండోనేసియా భాష హెబ్రీకి చుట్టమా, మనకు చుట్టమా?" అని ఒక చిన్నవాడు అడిగాడు.

మా పాస్టరుగారు వేదాంత కళాశాలలో హెబ్రీ కొంత చదివినవారు. "ఈ రెండింటికీ మధ్య ఉన్న చుట్టము అరబ్బీ. ఆ చుట్టము మన దగ్గర ఎక్కువగా వినిపించే చోటు హైదరాబాదు పాతబస్తీ. వెళ్ళి విని వద్దాము రండి" అన్నారు. ఒక నోటుపుస్తకములో తెలుగు, ఇండోనేసియా, హెబ్రీ అని మూడు గళ్ళు గీసుకొని మేము ఆరుగురము బయలుదేరాము. పాతబస్తీ అనగానే మన పల్లెల్లో కొందరికి కర్ఫ్యూ రోజుల వార్తలే జ్ఞాపకము వస్తాయి. "జాగ్రత్తగా వెళ్ళి రండి" అని మా పెద్దలు ఒకటికి రెండుసార్లు చెప్పి పంపారు.

నది దాటితే

మహాత్మా గాంధీ బస్‌స్టేషనులో దిగి, అఫ్జల్‌గంజ్ మీదుగా నడిచి, నయాపూల్ వంతెన మీద మూసీని దాటితే పాతబస్తీ మొదలవుతుంది. నదికి ఎగువను ఇంకొక వంతెన ఉన్నది. అది 1578లో ఇబ్రహీం కుతుబ్‌షా కాలములో కట్టిన పురానాపూల్. ఆయన కుమారుడు మహమ్మద్ కులీ కుతుబ్‌షా 1591లో చార్మినారు కట్టించాడు. దాని చుట్టూ నగరము పెరిగింది.

ఇబ్రహీం కుతుబ్‌షాను మన తెలుగు కవులు 'మల్కిభరాముడు' అని పిలుచుకొన్నారు. పేరు తెలుగు రాజు పేరువలె వినబడుతుంది. విప్పి చూస్తే మలిక్ ఇబ్రహీం. మలిక్ అనగా అరబ్బీలో రాజు, హెబ్రీలో మెలెక్ అనగా రాజు. ఇబ్రహీం అనగా మన అబ్రాహాము. హెబ్రీయులకు వ్రాసిన పత్రిక 7వ అధ్యాయములో మెల్కీసెదెకు అను పేరుకు అర్థము చెప్పబడినది గదా, నీతికి రాజు అని. ఆ పేరులోని మొదటి మాటే గోలకొండ రాజు పేరులోనూ ఉన్నది. అచ్చతెలుగులో వచ్చిన మొదటి కావ్యముగా చెప్పుకొనే 'యయాతి చరిత్ర'ను పొన్నెగంటి తెలగనార్యుడు అంకితమిచ్చినది గోలకొండ రాజ్యపు ఉద్యోగి అయిన అమీన్‌ఖానుకే. పరభాష మాట లేని తెలుగు కావ్యము పరభాష పేరుగల ప్రభువు ఆదరణలో వచ్చినదన్న మాట.

కుతుబ్‌షాల ఫర్మానాలు పారసీతో పాటు తెలుగులోనూ వెలువడేవి. 1687లో ఔరంగజేబు గోలకొండను పట్టుకొన్నాడు. 1724 నుండి నిజాముల వంశము పరిపాలించింది. కచేరీ భాష మొదట పారసీ, తరువాత ఉర్దూ అయింది. 1918లో స్థాపించిన ఉస్మానియా విశ్వవిద్యాలయములో మొదట చదువు చెప్పినదీ ఉర్దూలోనే. 1948లో హైదరాబాదు భారతదేశములో కలిసేనాటికి ఈ మాటలు మన నాలుక మీద పాతుకొనిపోయాయి. కోస్తా జిల్లాలకూ నవాబుల కాలము నుండి ఇవే మాటలు కచేరీల ద్వారా చేరాయి.

సలాము, షాలోమ్, సెలామత్

వంతెన దాటగానే చెవిని పడేది "సలామలేకుం". హెబ్రీలో యూదులు "షాలోమ్ అలేఖెమ్" అంటారు. రెండింటి అర్థమూ ఒక్కటే, మీకు సమాధానము కలుగునుగాక అని. పునరుత్థానుడైన ప్రభువు శిష్యుల మధ్య నిలిచి చెప్పిన శుభవచనము ఇదే అర్థము గలది (యోహాను 20:19). ఇండోనేసియాలో తెల్లవారి ఇద్దరు కలిస్తే "సెలామత్ పగి" అనుకొంటారు. పగి అంటే ఉదయము. సెలామత్ అరబ్బీ 'సలామత్', అంటే క్షేమము. మన తెలుగులో సలాము చేతులతో పెట్టే నమస్కారముగా మిగిలింది.

పాస్టరుగారు అక్కడే ఆగి మాకు ఒక సూత్రము చెప్పారు. హెబ్రీలోనూ అరబ్బీలోనూ సాధారణముగా ఒక మాటకు మూడు హల్లులు వెన్నెముక. మధ్య అచ్చులు మారుతుంటే అర్థము మారుతుంటుంది. స, ల, మ అనే మూడింటి మీద సలాము, సలామత్, ఇస్లాం, ముస్లిం అనే మాటలు కట్టబడ్డాయి. హెబ్రీలో ష, ల, మ మీద షాలోమ్ వచ్చింది. సొలొమోను పేరుకు మూలము అదే. అరబ్బీలో 'స' ఉన్నచోట హెబ్రీలో తరచు 'ష' ఉంటుంది. అరబ్బీ సబ్త్, హెబ్రీ షబ్బాత్, అనగా విశ్రాంతి దినము. ఇండోనేసియాలో శనివారము పేరు సబ్తు. ఒక మాట కలిస్తే యాదృచ్ఛికము కావచ్చును. వరుసగా పది మాటలలో ఒకే పద్ధతిని అక్షరము మారుతుంటే అది రక్తసంబంధము.

దివాన్ దేవిడి దగ్గర

నయాపూల్ నుండి చార్మినారు వైపు వెళ్ళే దారిలో దివాన్ దేవిడి వస్తుంది. సాలార్‌జంగుల నివాసముండిన చోటు అది. ఇప్పుడు అక్కడ బట్టల దుకాణాల సందడి. దివాను అనగా ప్రధానమంత్రి. మొదటి సాలార్‌జంగు 1853 నుండి 1883 వరకు నిజాము దివానుగా ఉన్నాడు. రాజ్యమును జిల్లాలుగా విభజించి, జీతముల మీద ఉద్యోగులను పెట్టిన 'జిలాబందీ' ఆయన తెచ్చినదే.

మేము ఆ మాటల రద్దీలో ఒక పక్కగా నిలబడి నోటుపుస్తకము తెరిచాము. ఇండోనేసియా పార్లమెంటు పేరు 'దేవాన్ పెర్వకిలన్ రక్యాత్'. విన్నప్పుడు ఏమీ అర్థము కాలేదు. విడదీస్తే ఆశ్చర్యమనిపించింది. దేవాన్ మన దివానే, అక్కడ సభ అని అర్థము. పెర్వకిలన్ మాటకు ముందు 'పెర్', వెనుక 'అన్' చేర్పులు. అవి తీసివేస్తే నడుమ మిగిలేది 'వకిల్', మన వకీలు. అక్కడ ప్రతినిధి అని అర్థము. రక్యాత్ మన రైతు. అక్కడ ప్రజలు అని అర్థము. ఆ దేశపు పార్లమెంటు పేరులోని మూడు మాటలూ మన పల్లెటూరి కచేరీలో రోజూ వినబడేవే!

రైతు అనే మాట ఇంకా లోతైనది. అరబ్బీలో 'రఇయ్యత్' అంటే మొదట కాపరి మేపే మంద. తరువాత రాజు సంరక్షణలో ఉండే ప్రజలకు ఆ మాట వాడారు. మన దేశములో పన్ను కట్టే సేద్యగాడికి అది పేరుగా నిలిచింది. హెబ్రీలో దీనికి తోబుట్టువయిన మాట 'రోయె'. అనగా కాపరి. 23వ కీర్తనలో దావీదు యెహోవాను తన కాపరి అని చెప్పినప్పుడు వాడిన మాట ఇదే. మేపేవాడికి ఒక భాషలోనూ, మేపబడేవారికి ఇంకొక భాషలోనూ ఒకే ధాతువు నుండి పేర్లు వచ్చాయి. రైతు అని పిలిచిన ప్రతిసారీ పిలిచినవాడు తనకు తెలియకుండానే తాను కాపరినని ఒప్పుకొంటున్నాడన్న మాట. ఆ మాటను లెక్కల పుస్తకాలలో వ్రాసుకొన్న ప్రభువులు, జమీందారులు, గుమాస్తాలు దాని అర్థము ప్రకారము నడిచారా లేదా అన్నది మన తాతలు ఎరుగుదురు. మందను మేపక తమ్మును తాము మేపుకొనే కాపరులను గూర్చి యెహెజ్కేలు 34వ అధ్యాయము తెరిచి చూస్తే ఈ మాట బరువు తెలుస్తుంది.

జిల్లా సంగతీ అట్టిదే. అరబ్బీలో 'జిల్' అనగా ప్రక్క, ప్రక్కటెముక. దేశము ఒక దేహమయితే దానిలో ఒక ప్రక్క జిల్లా. హెబ్రీలో దీని తోబుట్టువు 'త్సేలా'. ఆదికాండము 2వ అధ్యాయములో ఆదాము ప్రక్కటెముకకు వాడిన మాట ఇది. మనము ఉత్తరము మీద జిల్లా పేరు వ్రాస్తూ ఏదెను తోటను తలచుకోము గాని, మాట మాత్రము అంత పాతది.

హక్కు ఇండోనేసియాలో హక్. హెబ్రీలో 'హోక్' అంటే కట్టడ. 119వ కీర్తనలో కట్టడలు అని చదివే మాట ఇదే. మనము హక్కు అంటే మనకు రావలసినదని అనుకొంటాము. హెబ్రీలో అది దేవుడు విధించినది. ఖరీఫు అరబ్బీలో శరత్కాలము, హెబ్రీలో 'హోరెఫ్' శీతకాలము. జలప్రళయము తరువాత వేసవియు శీతకాలమును తప్పవని దేవుడు సెలవిచ్చినచోట (ఆది. 8:22) ఉన్న మాట అది. హుకుము మనకు ఆజ్ఞ, ఇండోనేసియాలో 'హుకుం' చట్టము, హెబ్రీలో 'హొఖ్మా' జ్ఞానము. ఒకే ధాతువు ఒక ఇంట ఆజ్ఞ అయింది, ఒక ఇంట చట్టమయింది, ఒక ఇంట సామెతల గ్రంథపు జ్ఞానమయింది.

పత్తర్‌గట్టీ అక్షరాలు

1908లో మూసీకి వచ్చిన పెద్ద వరద తరువాత నగరమును బాగుచేసిన రోజులలో కట్టిన రాతి వరండాల బజారు పత్తర్‌గట్టీ. దుకాణాల పేర్లు ఉర్దూలో కుడి నుండి ఎడమకు వ్రాసి ఉంటాయి. హెబ్రీ కూడ అటు నుండే వ్రాస్తారు. తెలుగు బైబిలులో 119వ కీర్తన విప్పితే ఆలెఫ్, బేత్, గీమెల్, దాలెత్ అని శీర్షికలు కనబడతాయి. అవి హెబ్రీ అక్షరాల పేర్లు. 22 అక్షరాలకు ఎనిమిదేసి వచనాల చొప్పున 176 వచనాలు. పాతబస్తీలో బడికి వెళ్ళే పిల్లవాడిని ఉర్దూ అక్షరాలు చెప్పమంటే అలిఫ్, బే, జీమ్, దాల్ అన్నవి వినిపిస్తాయి. మనము కీర్తనలలో దాటి వెళ్ళిపోయే శీర్షికలు అక్కడి పిల్లల నోటి పాఠములు.

పుస్తకాల దుకాణము యజమాని మమ్ములను చూచి, "ఆవో అన్నా, బైఠో. ఏ కితాబు కావాలె?" అని అడిగారు. కితాబు అనగానే మా చిన్నవాడు తన సంచిలోని అల్కితాబును తీసి చూపించాడు. ఆయన దానిని రెండు చేతులతో అందుకొని, మీద దుమ్ము లేకపోయినా ఒకసారి తుడిచి, పుటలు తిప్పారు. చదవలేకపోయినా "నబి", "కితాబ్" అనే మాటలను మేము చూపించగా వేలుతో గుర్తుపట్టి నవ్వారు. క, త, బ అనేవి వ్రాయుటకు ధాతువు. హెబ్రీలో 'కాతబ్' అంటే వ్రాసెను. ప్రవక్తకు అరబ్బీలో నబీ, హెబ్రీలో నాబీ. కీర్తనల గ్రంథమునకు ఇండోనేసియా బైబిలులో 'మజ్మూర్' అని పేరు. హెబ్రీలో అనేక కీర్తనల పైన ఉండే మాట 'మిజ్మోర్'. దావీదు మాట అరబ్బీ ఓడ ఎక్కి జావా దీవికి చేరిందన్న మాట.

ఆయన మమ్ములను "గిర్జా వాళ్ళా?" అని అడిగారు. గిర్జా అంటే ఉర్దూలో చర్చి. ఇండోనేసియాలో 'గెరెజా'. ఇవి రెండూ అరబ్బీ కావు, పోర్చుగీసువారి 'ఇగ్రెజా' నుండి వచ్చినవి. సముద్రము మీద వచ్చిన ప్రతివాడూ రెండు రేవులలోనూ కొన్ని మాటలు దించిపోయాడు.

లేఖనాలు ఈ భాషలలోనికి వచ్చిన చరిత్రలు కూడ పక్కపక్కనే నడిచాయి. మలయు భాషలో మత్తయి సువార్త 1629లోనే అచ్చయింది. లైడెకర్ ప్రారంభించిన సంపూర్ణ మలయు బైబిలు 1733లో వెలువడింది. ఆ మలయు భాషే నేటి ఇండోనేసియా భాషకు తల్లి. సుమారు ఆ కాలములోనే మద్రాసులో ఉన్న జర్మను మిషనరీ బెంజమిన్ షుల్ట్జె బైబిలును తెలుగులోనికి తర్జుమా చేశారు. అది అచ్చుకు నోచుకోలేదు. ఆయనే దక్కనులో వాడే హిందుస్తానీకి వ్యాకరణము వ్రాయగా అది 1745లో జర్మనీలోని హాలె పట్టణములో అచ్చయింది. తెలుగును, పాతబస్తీ మాటను ఒకే మనిషి ఒకే బల్ల మీద పెట్టుకొని నేర్చుకొన్నాడు.

అత్తరు కొట్టులో

మాటలు అటు నుండి ఇటే వచ్చాయని అనుకోరాదు. చార్మినారు చుట్టుపక్కల అత్తరు కొట్లలో 'ఊద్' అనే సుగంధము అమ్ముతారు. ఒక చెట్టు మాను లోపల నల్లగా, జిగురుగా ఏర్పడే చేవ అది. తెలుగులో దానిని అగరు అంటాము. మన అగరువత్తి పేరు దానినుండే వచ్చింది. ఆ చెట్లు అస్సాములోనూ ఇండోనేసియా అడవులలోనూ పెరుగుతాయి. ఇండోనేసియాలో దాని పేరు 'గహారు'. హెబ్రీలో 'అహాలీమ్'. 45వ కీర్తనలో రాజు వస్త్రముల సువాసనలలో ఒకటి ఇదే. మన తెలుగు బైబిలులో నీకొదేము ప్రభువు దేహమునకు తెచ్చినది బోళముతో కలిపిన అగరు. ఆ మాను మన తూర్పు దేశాలది గనుక పేరు కూడ తూర్పు నుండే హెబ్రీలోనికి వెళ్ళిందని పండితులు చెప్పుతారు. కొట్టు యజమాని మా చేతుల మీద తలొక చుక్క రాశారు. మూడు గళ్ళలోనూ ఒకే సువాసన నిండినట్లయింది.

ఇట్టిదే మరొకటి. సొలొమోను ఓడలు మూడేళ్ళకొకసారి తెచ్చిన వస్తువులలో నెమళ్ళు ఉన్నాయి (1 రాజులు 10:22). హెబ్రీలో ఆ మాట 'తుక్కియీమ్'. అరవములో నెమలి పింఛమునకు 'తోగై' అంటారు. మన 'తోక' దానికి తోబుట్టువు. ఆ హెబ్రీ మాటకు మూలము మన దక్షిణదేశపు భాషయేనని అనేకమంది పండితుల అభిప్రాయము. మన పెరటిలోని మాట ఒకటి సొలొమోను ఆస్థానములో కూర్చున్నదన్న మాట.

పోలిక వేరు, చుట్టరికము వేరు

ఇంతలో మా చిన్నవాడికి ఉత్సాహము ఎక్కువయింది. మధ్యాహ్నము భోజనము దగ్గర, "అయ్యగారూ, బేత్లెహేము అంటే రొట్టెల ఇల్లు గదా. ఈ హలీములోనూ లెహెము ఉన్నదా?" అన్నాడు. పాస్టరుగారు నవ్వి, "లెహెములో ల, హ, మ. హలీములో హ, ల, మ. వరుస తప్పితే ఇంటిపేరే మారిపోతుంది నాయనా" అన్నారు. హెబ్రీ లెహెముకు అరబ్బీలో నిజమైన చుట్టము 'లహమ్'. దాని అర్థము మాంసము. రొట్టె తిన్నవారికి రొట్టె, మాంసము తిన్నవారికి మాంసము ఆహారమయింది.

మన తెలుగులో నీరు అంటే నీళ్ళు, హెబ్రీలో 'నేర్' అంటే దీపము. ధ్వని కలిసింది గాని సంబంధము లేదు. తండ్రిని మన పల్లెల్లో అబ్బ అంటారు, ప్రభువు మాట్లాడిన అరామిక్ భాషలోనూ అబ్బా అంటారు. ఇదీ చుట్టరికము కాదు. పెదవులు కలిపి విడిస్తే పసిబిడ్డకు మొదట వచ్చే ధ్వనులు ప, బ, మ. ఏ దేశపు తల్లిదండ్రులయినా వాటినే తమ పేర్లుగా తీసుకొన్నారు. ఇండోనేసియాలో తండ్రి 'బప'.

చుట్టరికము తేల్చుకొనుటకు అంకెలు మంచి సాక్షులు. ఇండోనేసియాలో ఒకటి నుండి ఐదు వరకు సతు, దుఅ, తిగ, ఎంపత్, లిమ. ఫిలిప్పీన్సులోనూ, దూరపు హవాయీ దీవులలోనూ ఐదుకు లిమ అనే అంటారు. అది సముద్రపు దీవుల కుటుంబము. మన ఒకటి, రెండు, మూడు తమిళ, కన్నడ, గోండీల కుటుంబము. కాబట్టి చిన్నవాడి ప్రశ్నకు జవాబు ఇది. హెబ్రీకి అరబ్బీ పుట్టుకతో వచ్చిన చుట్టము. తెలుగుకూ ఇండోనేసియాకూ అరబ్బీ వియ్యము వలన వచ్చిన చుట్టము. సంస్కృతము కూడ అట్లే వియ్యము వలన వచ్చినదే. తెలుగుకూ ఇండోనేసియాకూ మధ్య పుట్టుక సంబంధము లేదు గాని, ఇద్దరమూ ఒకే రెండు ఇండ్లకు పిల్లలనిచ్చి పుచ్చుకొన్నాము.

బార్కస్ పెద్దాయన

సాయంకాలము మేము చాంద్రాయణగుట్ట దాటి బార్కస్ వెళ్ళాము. నిజాము సైన్యములోని అరబ్బుల బారకాసులు ఉండుట వలన ఆ పేరు వచ్చింది. వీరి పూర్వికులు యెమెను దేశములోని హద్రమౌత్ ప్రాంతము నుండి వచ్చారు. లుంగీలు కట్టుకొని అరుగుల మీద కూర్చున్న పెద్దలు, బజారులో జామపండ్ల గంపలు, మన ఊరి సాయంకాలమువలెనే ఉన్నది. హద్రమౌత్ వారు హైదరాబాదుకే కాదు, జావా, సుమత్రా దీవులకు కూడ వర్తకులుగా, బోధకులుగా వలసవెళ్ళారు. 1988 నుండి 1999 వరకు ఇండోనేసియా విదేశాంగమంత్రిగా ఉన్న అలీ అలతాస్ పూర్వికులు ఆ హద్రమౌత్ అరబ్బులే. ఒకే ఊరి అన్నదమ్ములలో ఒకడు మూసీ ఒడ్డుకూ ఒకడు జావాకూ వెళ్ళినట్లున్నది ఈ చరిత్ర.

ఒక అరుగు మీద పెద్దాయన మాకు టీ తెప్పించారు. పాస్టరుగారు, "చాచా, అరబ్బీలో ఐదు దాకా లెక్కపెట్టండి" అని అడిగారు. ఆయన వేళ్ళు మడుస్తూ "వాహిద్, ఇస్నాన్, సలాసా, అర్బా, ఖంసా" అన్నారు. పాస్టరుగారు తన వేళ్ళు మడిచి హెబ్రీలో "ఎహాద్, ష్నయీమ్, షాలోష్, అర్బా, హామేష్" అన్నారు. నాలుగో అంకె దగ్గర ఇద్దరి నోటా ఒకే మాట వచ్చేసరికి చుట్టూ చేరిన పిల్లలు పకపక నవ్వారు. పెద్దాయన మాత్రము నవ్వలేదు. "యే కోన్ సీ జబాన్ హై?" అని మెల్లగా అడిగారు. మూసా మాట్లాడిన భాష అని చెప్పగా, ఆయన తల ఊపి, "అయితే మన ఇంటిదే" అన్నారు.

అది మర్యాదకు అన్న మాట కాదని పాస్టరుగారు అక్కడే ఆదికాండము 10వ అధ్యాయము తీశారు. మన తెలుగు బైబిలులో యొక్తాను కుమారులలో 'హసర్మావెతు' అనే పేరు ఉన్నది (10:26). మనము వంశావళి చదువుతూ నోరు తిరగక దాటి వెళ్ళే పేరు అది. ఆ హసర్మావెతే హద్రమౌత్ అని పండితులు చెప్పుతారు. యొక్తాను తండ్రి ఏబెరు. ఏబెరుకు ఇద్దరు కుమారులు, పెలెగు, యొక్తాను. పెలెగు సంతానములో అబ్రాహాము పుట్టాడు. యొక్తాను సంతానములో హసర్మావెతు. హెబ్రీకీ అరబ్బీకీ ఉన్న చుట్టరికమును భాషాపండితులు అక్షరాలతో లెక్కకట్టక ముందే లేఖనము అన్నదమ్ముల పేర్లతో చెప్పియున్నది. వారిద్దరి పితరుడు షేము. ఆ భాషల కుటుంబమునకు పండితులు పెట్టిన పేరు కూడ షేము పేరు మీదిదే.

మేము, మనము

ఇండోనేసియాకూ హెబ్రీకీ పుట్టుక కలియకపోయినా వాటి ఆధునిక జీవితాలలో ఒక వింత పోలిక ఉన్నది. హెబ్రీ గుడి భాషగా మిగిలిపోయినప్పుడు, 1881లో యెరూషలేముకు చేరిన ఎలియేజర్ బెన్ యెహూదా తన ఇంట్లో పిల్లలతో దానినే మాట్లాడి, దానిని మరల బజారుకు తెచ్చినవారిలో ముందు నిలిచాడు. మలయు అట్లు కాదు. అది రేవులలో, సంతలలో బేరములాడే భాష. 1928 అక్టోబరు 28న ఆ దీవుల యౌవనస్థులు తమ పెద్ద భాషలను పక్కకు పెట్టి, ఆ బజారు భాషనే తమ ఐక్యతకు భాషగా ప్రమాణము చేసుకొన్నారు. ఒకటి గుడి నుండి బజారుకు వచ్చింది, ఒకటి బజారు నుండి గుడికి, పార్లమెంటుకు ఎక్కింది. పాతబస్తీ మాట కూడ దండులోనూ బజారులోనూ పెరిగి, విశ్వవిద్యాలయము దాకా వెళ్ళినదే. ఏ భాషా పుట్టుకతో పరిశుద్ధమూ కాదు, నీచమూ కాదు.

ఒక విషయములో మాత్రము ఇండోనేసియా భాష హెబ్రీని విడిచి తెలుగుతో కలిసింది. హెబ్రీలో 'మేము' అన్నా 'మనము' అన్నా ఒకటే మాట. ఇంగ్లీషులోనూ అంతే. తెలుగులో రెండున్నాయి. ఇండోనేసియాలోనూ రెండున్నాయి. 'కామి' అంటే మేము, వినేవాడు అందులో లేడు. 'కితా' అంటే మనము, వినేవాడూ ఉన్నాడు. అందుచేత లేఖనములను తర్జుమా చేసినవారు ఈ రెండు దేశాలలోనూ ప్రతి వచనము దగ్గర ఆగి ఏ మాట వేయాలో ఆలోచించవలసి వచ్చింది. ప్రభువు నేర్పిన ప్రార్థనలో దేవునితో మాట్లాడుతున్నాము గనుక తెలుగువారు 'మా తండ్రీ' అన్నారు, ఇండోనేసియావారు 'కామి' వేశారు. ఒకరినొకరు ఎరుగని తర్జుమాదారులు ఒకే న్యాయమును పాటించారు.

ఈ వ్యాసమంతా మేము, మేము అని వ్రాశాము. పాతబస్తీకి వెళ్ళేటప్పుడు మేము అనే మాటలో మా ఆరుగురమే ఉన్నాము. అక్కడివారు వారు. కాని మన పొలము పేరు, హక్కు పేరు, జిల్లా పేరు, చివరకు మన రైతు పేరు ఆ ప్రజల నోటి మీదుగా వచ్చినవయితే, వారిని వేరు చేసి మాట్లాడుటకు మన నోటిలో మాటలు చాలవు. పెంతెకొస్తు దినమున తమ తమ భాషలలో దేవుని గొప్పకార్యములను విన్నవారి జాబితాలో చివరగా వచ్చే పేరు అరబీయులు (అపొ. కా. 2:11).

ఇంట్లో పిల్లలతో మీరూ ఒక కాగితము మీద గళ్ళు గీసి చూడండి. రోజూ వాడే మాటలలో ఎన్ని ఎక్కడ నుండి వచ్చాయో తల్లిని, తాతను, వీధిలోని సాయిబుగారిని అడిగి వ్రాయించండి. కాగితము నిండేసరికి 'మేము' అన్నచోట 'మనము' అని దానంతట అదే వస్తుంది.